వానలో సైకిల్ టూరు: వచ్చే తిప్పలు, తప్పించుకునే దారులు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. ఆగస్టులో పదిమందిమి రెండు రోజుల్లో తొక్కాం. మొదటి రోజు చుక్క వాన లేదు. నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి రెండో రోజు తెల్లవారకముందే బయల్దేరే వీల్లేదు. గేటు తీసేసరికి వాన మొదలైంది, శ్రీశైలం డ్యాం దాకా వదల్లేదు. ఆ రోజు మాకు తగిలినవన్నీ ఇవి. ఏ వాన టూరులోనైనా ఇంచుమించు ఇవే తగులుతాయి.

బ్రేకు నొక్కినా బండి ఆగడం లేదు

దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు మొదట భయపెట్టింది ఇదే. రిమ్ బ్రేకులున్న బండిలో రిమ్ము, అంటే చక్రం లోహపు అంచు మీద నీటి పొర ఉంటుంది. రబ్బరు ప్యాడ్ ముందు ఆ నీటిని తుడవాలి, ఆ తర్వాతే రిమ్ముని పట్టుకుంటుంది. అంటే చక్రం రెండు మూడు చుట్లు తిరిగేదాకా ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా పట్టేస్తుంది. కంగారులో గట్టిగా పిండినవాడు అప్పుడే జారతాడు.

మలుపు కనిపించగానే, ఇంకా తిన్నగా ఉన్నప్పుడే, ప్యాడ్లు రిమ్ముకి ఆనేంత మెల్లగా నొక్కి తడి తుడవండి. తర్వాతే అసలు బ్రేకు. మలుపులో బ్రేకు జోలికి పోవద్దు. తెల్ల పెయింటు గీతల మీద అసలే వద్దు. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెండింతలు వదలండి.

కరకరమని శబ్దం వస్తుంటే ప్యాడ్‌లో ఇసుక ఇరుక్కుందన్నమాట. ఆగి ప్యాడ్‌ని వేలితో రాస్తే నల్లటి పేస్టు అంటుతుంది. అందులో మెరిసే రేణువులు మీ రిమ్ము అల్యూమినియమే. పిన్నీసుతో ఇసుక పెళ్లగించి, నీళ్లతో కడిగేయండి.

డిస్క్ బ్రేకులు తడిస్తే ఏనుగులా ఘీంకరిస్తాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. లివర్ హ్యాండిల్‌కి తగిలేంత లోపలికి వస్తోందంటేనే చూడాలి. తడి ఇసుక ఒక్క రోజులో ప్యాడ్లు అరగదీయగలదు. కేబుల్ డిస్క్ అయితే అడ్జస్టర్ తిప్పి బిగించుకోవచ్చు, హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసేది) అయితే కొత్త ప్యాడ్లు వేయాల్సిందే. ఒక జత సంచిలో ఉంచుకోండి.

పంచరు మీద పంచరు

పొడి రోజున ఒకటి, వాన రోజున నాలుగు. గాజు పెంకు రబ్బరుని కోయడానికి నీళ్లు నూనెలా పనిచేస్తాయి. పైగా తడి టైరుకి చెత్త అతుక్కుని, ప్రతి చుట్టుకీ కాస్త కాస్త లోపలికి దిగుతుంది. రోడ్డు అంచున నీళ్లు పారేచోటే ఇదంతా చేరుతుంది, అందుకని అంచు నుంచి ఒక అడుగు లోపలికి తొక్కడం మేలు.

వానలో ప్యాచ్ వేయకండి. తడి ట్యూబు మీద సొల్యూషన్ పట్టదు, పది కిలోమీటర్లకే ఊడుతుంది. కొత్త ట్యూబు మార్చేసి, ప్యాచ్ పని రాత్రి గదిలో చూసుకోండి. మార్చేముందు టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ రాయండి, గుచ్చుకున్నది గుడ్డకి తగులుకుంటుంది. మాకు రెండుసార్లు వెంట్రుకంత సన్నని ఇనప తీగే దొరికింది, పేలిన లారీ టైర్లలోంచి వచ్చేది. కంటికి కనిపించలేదు, గుడ్డే పట్టింది.

చైను కిచకిచ

నూనె కొట్టుకుపోయింది. గుడ్డతో తుడిచి చుక్క చుక్క వేయండి, పైన అంటింది తుడిచేయండి. కుట్టుమిషన్ నూనె ఆ పూటకి చాలు.

వెనకవాళ్లు ఎక్కడున్నారో తెలియదు

నన్నడిగితే వాన రోజు అసలు సమస్య ఇదే. ఆగితే చలి వేస్తుంది కాబట్టి ఎవరి వేగంలో వాళ్లు పోతారు. రెయిన్‌కోట్లలో అందరూ ఒకేలా ఉంటారు. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మేము ‘ముప్పై కిలోమీటర్లకి కలుద్దాం’ అనుకున్నాం, సైకిళ్లకున్న దూరం చూపే మీటర్లు తడిసి సగం పనిచేయలేదు. కలిసేచోటుకి ఊరి పేరే పెట్టుకోవాలి: వటవర్లపల్లి, దోమలపెంట, డ్యాం. అక్కడ తల లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు. అనుభవమున్న ఒకరు చివర ఎర్ర లైటుతో రావాలి, వాళ్ల దగ్గరే పంపు, ట్యూబులు. పులుల అడవి కాబట్టి ఊళ్ల మధ్యలో గుంపుగా ఆగొద్దు.

చలి పట్టేసిందనడానికి ఒక లక్షణం: మాటకారి మాట్లాడటం మానేశాడు. దోమలపెంట టీకొట్టు దగ్గర మా తమ్ముడొకడు బిస్కెట్ ప్యాకెట్ చింపలేక పళ్లతో లాగుతున్నాడు. ‘ఏంరా?’ అంటే ‘బానే ఉన్నా అన్నా’ అన్నాడు. ఆ వేళ్లతో దిగుడులో బ్రేకేం పడతాడు? మన వానల్లో కూడా తడి బట్టలు, ఎదురుగాలి కలిస్తే ఒళ్లు చల్లబడుతుంది. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు పట్టేస్తుంది. పొడి చొక్కా మార్పించి, ఛాతీ మీద పేపరు మడిచి పెట్టి, చక్కెర దండిగా వేసిన టీ రెండు కప్పులు తాగించాం. వణుకు తగ్గేదాకా అరగంట ఆగాం. అప్పటికీ తగ్గకపోతే సైకిల్‌ని ఏ ట్రాలీ ఆటోలోనో ఎక్కించడమే, పరువుకి పోవద్దు.

చిన్నాచితకా

సంచికి పైన కవరు కప్పితే కింద నుంచి చక్రం చిమ్మే నీళ్లు లోపలికి వస్తాయి. సంచి లోపలే పెద్ద చెత్త కవరు వేసి సామాను పెట్టండి. తడిసిన ఫోన్‌కి చార్జర్ గుచ్చొద్దు. తొడల సందు ఒరుసుకుపోకుండా పొద్దున్నే వాజిలీన్ రాసుకోండి, మంట మొదలయ్యాక రాస్తే లాభం తక్కువ. షూలలో రాత్రి పేపరు కుక్కి, గంటకోసారి మార్చండి.

గది చేరాక స్నానం కంటే ముందు ఒక పని. సీటు పైపు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టుకుని, పైపు లాగేసి సైకిల్ని తలకిందులు చేయండి. మా బండ్లలో ఒకదాన్లోంచి గ్లాసుడు నీళ్లు కారాయి. ఆ బండి ఓనరు టేపు వేయడం మర్చిపోయాడు, మర్నాడు పొద్దున ముగ్గురం కలిసి వాడి సీటు ఎత్తు వెతికాం.