పీహెచ్‌పీ లైబ్రరీలో ఆటోలోడ్‌కి ఏది వదలాలి, చేత్తో ఏది ఇన్‌క్లూడ్ చేయాలి

చీమకుర్తి గ్రానైట్ స్లాబుల కొలతలు, బిల్లులు చూసే లైబ్రరీ రాస్తున్నారనుకుందాం. స్లాబ్, బిల్లు, పన్ను ఒక్కోటీ ఒక్కో క్లాసు, ఒక్కో ఫైలు. పొడవు, వెడల్పు అంగుళాల్లో గుణించి 144తో భాగించి చదరపు అడుగులు తేల్చే ఫంక్షన్ ఇంకో ఫైల్లో ఉంది. 120 × 72 స్లాబైతే 60 చదరపు అడుగులు.

క్లాసులను ఆటోలోడ్‌కి, అంటే అవసరమైనప్పుడు ఫైలు దానంతటదే లోడయ్యే పద్ధతికి, వదిలేయండి. ఫంక్షన్‌కి అది పనిచేయదు. తెలియని క్లాసు పేరు తగిలితే పీహెచ్‌పీ ఆటోలోడర్‌ని పిలుస్తుంది. తెలియని ఫంక్షన్ తగిలితే నేరుగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

క్లాసులన్నీ ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్లో పెట్టండి. పీహెచ్‌పీ లైబ్రరీలను చూసుకునే కంపోజర్ టూల్‌కి సెట్టింగుల ఫైలైన కంపోజర్.జేసన్‌లో 'ఆటోలోడ్' కింద 'పీఎస్‌ఆర్-4' (క్లాసు పేరును బట్టి ఫైలు దారి తేల్చే ప్రమాణం) అని రాసి మీ నేమ్‌స్పేస్‌ని, అంటే క్లాసు పేర్ల ముందుండే ఉమ్మడి పేరుని, ఆ ఫోల్డరుకు కట్టండి. నేమ్‌స్పేస్ చివర బ్యాక్‌స్లాష్ ఉండి తీరాలి, జేసన్ కాబట్టి రెండుసార్లు కొట్టాలి. ఫంక్షన్ ఫైలు దారిని అక్కడే 'ఫైల్స్' జాబితాలో ఇచ్చి 'కంపోజర్ డంప్-ఆటోలోడ్' నడపండి. తర్వాత కొత్త క్లాసు చేరిస్తే మళ్లీ నడపనక్కర్లేదు, 'ఫైల్స్' మారితే నడపాలి. ఆ జాబితాలోవి వాడినా వాడకపోయినా ప్రతి రిక్వెస్టుకూ లోడవుతాయి. నాలుగైదు ఫంక్షన్లే అయితే ఒక క్లాసులో స్టాటిక్ మెథడ్లుగా మార్చేయడం మేలు.

ఎక్కువమందిని ఏడిపించేది అక్షరాల తేడా. క్లాసు పేరు పెద్ద అక్షరంతో మొదలై, ఫైలు పేరు చిన్న అక్షరంతో ఉంటే ఒంగోలు ఆఫీసులోని విండోస్ మిషన్ మీద హాయిగా నడుస్తుంది. లైనక్స్ సర్వర్ ఎక్కగానే 'క్లాస్ నాట్ ఫౌండ్'. పంపేముందే 'కంపోజర్ డంప్-ఆటోలోడ్' పక్కన '--ఆప్టిమైజ్ --స్ట్రిక్ట్-పీఎస్‌ఆర్' చేర్చి నడపండి. పేరు కలవని ఫైళ్లను చూపించి, ఫెయిలైనట్టు తెలిపే ఎగ్జిట్ కోడ్‌తో ఆగుతుంది. సరిచేసేటప్పుడు ఫైలు పేరు ఎక్స్‌ప్లోరర్‌లో మార్చకండి. విండోస్‌లో గిట్ ఆ మార్పును గుర్తించకపోవచ్చు. 'గిట్ ఎమ్‌వీ' వాడండి.

సర్వర్లో 'క్లాస్‌మ్యాప్-అథారిటేటివ్' పెట్టినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పుడు కంపోజర్ డంప్‌లో తయారైన క్లాసుల జాబితాలో ఉన్నవే చూస్తుంది, ఫోల్డర్లో వెతకదు. కొత్త ఫైలు ఒక్కటే అప్‌లోడ్ చేస్తే దొరకదు, డంప్ మళ్లీ నడపాలి.

లైబ్రరీ క్లాసుల్లో వెండర్ ఫోల్డర్‌లోని (కంపోజర్ లైబ్రరీలను దించే చోటు) ఆటోలోడ్ ఫైలును రిక్వైర్ చేయకండి. మీ లైబ్రరీని వేరేవాళ్లు వాడుకున్నప్పుడు అదే వాళ్ల వెండర్ ఫోల్డర్లో కూర్చుంటుంది, మీరు రాసిన దారి అక్కడ తప్పుతుంది. ఆ లైను రాయాల్సింది అప్లికేషన్. అప్పటికే ఆటోలోడ్ అయిన క్లాసును మళ్లీ రిక్వైర్‌తోనూ తెస్తే 'కెనాట్ డిక్లేర్ క్లాస్' అని పడిపోతుంది. పాత కోడ్‌లో రెండు అండర్‌స్కోర్లతో మొదలయ్యే ఆటోలోడ్ ఫంక్షన్ కనిపిస్తే తీసేయండి, 7.2లో వద్దన్నారు, 8.0లో తొలగించారు.

ధరల పట్టిక లాంటి అర్రేని రిటర్న్ చేసే ఫైలును మాత్రం చేత్తోనే తెచ్చుకోవాలి. దారి ముందు డిర్ స్థిరాంకం (ఆ కోడ్ ఉన్న ఫైలు ఫోల్డరును ఇచ్చేది) పెట్టండి, లేకపోతే స్క్రిప్టు ఏ ఫోల్డరు నుంచి నడిచిందో దాన్నిబట్టి దారి మారొచ్చు. ఇక్కడ రిక్వైర్ వన్స్ వద్దు, రిక్వైర్ వాడండి. వన్స్ పెడితే రెండోసారి అర్రే బదులు ట్రూ చేతికొస్తుంది, బిల్లులో ధర దొరకదు.