విండోస్ నుంచి మింట్‌కు: ముందు చిట్టా రాసుకోండి

చిక్కడపల్లిలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కవితా సంపుటాలు, కోర్టు అర్జీలు, ఏది వచ్చినా విండోస్ మీదే చేశాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు నా కంప్యూటర్‌లో లేదు. యంత్రం మాత్రం గట్టిగానే ఉంది. పారేయడానికి మనసొప్పక, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను.

అలా మారాలనుకునేవారికి నా మొదటి మాట: కొత్త వ్యవస్థ గురించి చదవడంతో మొదలుపెట్టకండి. రెండు రోజులపాటు పాత కంప్యూటర్ మీద మీ చేతులు ఏమేం చేస్తున్నాయో కాగితం మీద రాయండి. నేను పాడైన ప్రూఫు కాగితం వెనక రాశాను. తెలుగు కొట్టడం, మధ్యలో ఇంగ్లీషుకు మారడం, ఫోనులో వచ్చిన ఫోటోను ఫైల్లో పెట్టడం, పీడీఎఫ్ చేయడం, రెండు ప్రతులు ముద్రించడం... ఇరవై రెండు పనులు తేలాయి. కొత్త చోట నేర్చుకోవలసింది ఆ ఇరవై రెండే. మిగతావి అవసరం పడిన రోజున వస్తాయి.

ఆ చిట్టా పట్టుకుని, హార్డ్ డిస్కు జోలికి పోకుండానే పరీక్షించవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెచ్చుకున్నాను. మింట్ వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఫైల్‌ను దానిలోకి ఊరికే కాపీ చేస్తే కంప్యూటర్ దాని నుంచి మొదలు కాదు. ఎచర్ లాంటి సాధనంతో రాయాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపేటప్పుడు మింట్ నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. అందులో దాచినవి ఆపగానే పోతాయి కూడా. వైఫై, శబ్దం, ప్రింటర్, ఈ మూడూ ఆ రోజే చూడండి. నా పాత ప్రింటర్ అప్పుడే మొండికేసింది. ముందే తెలిసింది కాబట్టి పీడీఎఫ్ చేసి వేరే యంత్రం నుంచి ముద్రించే ఏర్పాటు చేసుకోగలిగాను.

ఇక తెలుగు. నాకు బతుకుతెరువు ఇదే కాబట్టి ఎక్కువ రోజులు దీనికే ఇచ్చాను. మింట్ సెట్టింగులలో కీబోర్డు లేఅవుట్ల జాబితాకు తెలుగు చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్ అనే, భారతీయ భాషలకు ప్రమాణంగా పెట్టిన కీల అమరిక వస్తుంది. అందులో షిఫ్టుతో డి నొక్కితే 'అ', సి నొక్కితే 'మ', ఒట్టి డి నొక్కితే పొల్లు. కాబట్టి 'అమ్మ' అనడానికి షిఫ్ట్-డి, సి, డి, సి. కొత్తగా నేర్చుకునేవారికి దీన్నే సిఫారసు చేస్తాను. కానీ నాలాగా ఏళ్ల తరబడి యాపిల్ అనే తెలుగు కీల అమరికలో కొట్టినవారు వేళ్లను మళ్లీ మొదటికి తీసుకువెళ్లనక్కర్లేదు. వేర్వేరు భాషలు కొట్టడానికి తోడ్పడే ఐబస్ అనే ప్రోగ్రాముతో పాటు ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు యాపిల్ పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా దొరుకుతాయి. వేసుకున్నాక లాగౌట్ అయి మళ్లీ రండి. తర్వాత కంఠస్థమైన పద్యం ఒకటి కొట్టి చూడండి. వత్తులు, అరసున్నలు ఎక్కడ తడబడుతున్నాయో వెంటనే తెలుస్తుంది.

ఫాంట్ల విషయంలో జాగ్రత్త. విండోస్‌లో గౌతమితో చేసిన పుస్తకం ఇక్కడ తెరిస్తే, ఆ ఫాంట్ లేనందున వేరొకటి వచ్చి కూర్చుంటుంది. పంక్తులు జరిగి పేజీల లెక్క మారిపోతుంది. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండే ప్రమాణం) ఫాంట్లు రెండు యంత్రాల్లోనూ వేసుకుని, పుస్తకాన్ని వాటితోనే మొదలుపెట్టండి.

చేయి పొరపడే చోట్లు మరికొన్ని ఉన్నాయి. ఇక్కడ సి, డి డ్రైవులు ఉండవు. అన్నీ ఒకే మూలం నుంచి చెట్టు కొమ్మల్లా సాగుతాయి, మీ ఫైళ్లు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైలు పేరులో పెద్ద ఇంగ్లీషు అక్షరం వేరు, చిన్నది వేరు. ఆదేశాలను టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కనిపించకపోవచ్చు. కీబోర్డు పాడైందని కంగారు పడకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. అక్కడ కంట్రోల్-సి నడుస్తున్న పనిని ఆపేస్తుంది, కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. ప్రోగ్రాములను వెబ్‌లో వెతికి తెచ్చుకోకండి, మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే తీసుకోండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు, యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో కొట్టినవి మింట్‌లో సవ్యంగా తెరుచుకుంటాయని ఆశపడకండి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలను కూర్చినవి, ఫాంట్ లేకపోతే ఇంగ్లీషు గజిబిజే మిగులుతుంది. అందుకే విండోస్ ఉన్న పాత డిస్కును చెరపకండి. నేను దాన్ని ఇంటర్నెట్ లేని యంత్రంలో పెట్టి, రోజుకు రెండు పుస్తకాల చొప్పున తెరిచి పీడీఎఫ్‌లు చేస్తున్నాను. ఒక్కోదాని పేరులో రచయిత పేరు, సంవత్సరం చేరుస్తున్నాను. మళ్లీ ముద్రణకు వచ్చేవి ఏవో రచయితలను అడిగి, వాటిని మాత్రం యూనికోడ్‌లో కొత్తగా కొడుతున్నాను.