అండర్‌గ్రౌండ్ రాక్ రికార్డుల సేకరణ – 3వ పాఠం: లేబుల్ పక్క పట్టీ చదవడం

పోయిన పాఠంలో రికార్డు పైఅట్ట చూశాం. ఇప్పుడు రికార్డునే చదువుదాం. వరంగల్‌లో, కరీంనగర్‌లో కూర్చుని ఇలాంటి ఎల్పీలు కొనడమంటే చాలావరకు ఫొటో చూసి కొనడమే. డబ్బు పంపకముందే నాలుగు ఫొటోలు అడగండి: రెండు లేబుళ్లు (రికార్డు నడుమ అతికించిన గుండ్రటి కాగితాలు), రెండు వైపులా ఆఖరి పాటకూ లేబుల్‌కూ నడుమ ఉండే నున్నటి పట్టీ. టార్చి ఏటవాలుగా పట్టమని చెప్పండి. నేరుగా కొడితే మెరుపే తప్ప రాత కనపడదు.

ఆ పట్టీ మీద కేటలాగ్ నంబరు (కంపెనీ ఆ రికార్డుకు ఇచ్చిన నంబరు), ఏ వైపో చెప్పే ఎ లేదా బి, ఒక్కోసారి పక్కన 1, 2 లాంటి అంకె ఉంటాయి. అంకె ఆ కటింగ్ (అచ్చు కోసం పాట గాడులు చెక్కడం) ఎన్నోదో చెబుతుంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే: 1 కనపడగానే మొదటి ముద్రణ అనుకుంటారు. అదే కటింగ్‌తో ఏళ్ల తర్వాత కూడా అచ్చు వేస్తారు. పట్టీ, లేబుల్, అట్ట మూడూ కలిస్తేనే నమ్మాలి.

జాయ్ డివిజన్ బ్యాండ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ (ఫ్యాక్టరీ కంపెనీ, 1979) తీసుకోండి. కేటలాగ్ నంబరు ఫ్యాక్ట్ 10. తొలి బ్రిటిష్ ముద్రణ అట్ట చేతికి గరుగ్గా తగులుతుంది. వెనక బార్‌కోడ్ ఉందా, అది తర్వాతిదే. నిర్వాణ బ్యాండ్ ‘బ్లీచ్’ (సబ్ పాప్ కంపెనీ, 1989) మొదటి 1000 కాపీలు తెల్ల వినైల్ (రికార్డు చేసే ప్లాస్టిక్). అట్లని తెలుపు చూసి తొందరపడొద్దు, తర్వాతి ముద్రణల్లోనూ తెల్లవి వచ్చాయి.

వినడానికే అయితే స్లింట్ బ్యాండ్ ‘స్పైడర్‌లాండ్’ (1991) లాంటివి కొత్త ముద్రణే కొనండి, పాతదాని ధర దండగ. ‘180 గ్రాములు’ అన్న స్టిక్కర్ బరువు మాటే, నాదం మాట కాదు.

ఇక మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో వినైల్ ఒక లెక్కా? మూసిన కారులో గంట ఉంచినా అంచు అలలా లేస్తుంది, ముల్లు ఎగిరిపడుతుంది. పడమటి గోడకు ఆనిన ఇనుప బీరువా, స్లాబు కింది అటక వద్దు. నిలువుగా, వాలకుండా పెట్టండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందివి వంగుతాయి. వానాకాలంలో కాగితపు లోపలి కవర్లు చెమ్మ పీల్చి బూజు పడతాయి, పాలిథీన్ లైనింగ్ ఉన్నవాటికి మార్చండి. మెత్తటి పీవీసీ బయటి కవర్లలో ఏళ్లకేళ్లు ఉంచితే రికార్డు మీద పొగ పట్టినట్టు మరక తేలుతుంది, అది కడిగినా పోదు.

వచ్చే పాఠం: కడగడం, ముల్లు బరువు సరిచూడటం.