డెంగీ వ్యాక్సిన్ డిజైన్ ప్రాజెక్ట్ ల్యాప్‌టాప్ మీద చేస్తున్నరా? ముందు లిస్ట్‌ల నుంచి తీసేసుడు నేర్చుకోండి

పాలమూరు యూనివర్సిటీల గానీ నల్గొండ ఎంజీయూల గానీ ఎమ్మెస్సీ బయోటెక్, మైక్రోబయాలజీ చదివే పిల్లలు ప్రాజెక్ట్ టైం రాంగనే అడిగేది ఒకటే, కిట్లు కొనడానికి పైసల్లేవు, హైదరాబాద్‌ల రూమ్ తీస్కొని ఉండలేం, కంప్యూటర్ మీద అయ్యేది ఏమన్న ఉంటే చెప్పన్నా అని. ఉంది. వైరస్‌ల ఏ ముక్కను వ్యాక్సిన్‌ల పెట్టాలో కంప్యూటర్ మీద వెతికే పని. ఇదేం ఉత్తుత్తి పని కాదు, ఇటలీ సైంటిస్ట్ రీనో రప్పోలీ టీమ్ మెనింజోకాకస్ బీ (మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) జీనోమ్‌తోని గిట్లనే మొదలుపెట్టి ప్రొటీన్లు ఏరింది, అది 2013ల యూరప్‌ల బెక్సెరో వ్యాక్సిన్‌గా వచ్చింది. మామూలు ల్యాప్‌టాప్ చాలు, బరువు లెక్కలన్నీ ఆ టూల్స్ నడిపే సర్వర్లే చేస్తయి.

జబ్బు డెంగీనే తీస్కోండి, వానలు పడ్డంక మనకాడ ఏ దవాఖానకు పోయినా ప్లేట్‌లెట్ల ముచ్చటే కదా, వైవాల ఎందుకు తీస్కున్నవ్ అంటే జవాబు వెతుక్కునే పని లేదు.

ముందు ఎన్‌సీబీఐ (అమెరికా వాళ్ల ఉచిత జీన్ డేటాబేస్) వైరస్ పేజీకి పోయి హోస్ట్ మనిషి, దేశం ఇండియా, పూర్తి జీనోమ్ అని ఫిల్టర్ పెట్టి డెంగీ వైరస్‌ల ఉన్న నాలుగు సీరోటైపులకు (రకాలకు) నాలుగు వేరే వేరే ఫైల్స్ దించుకోవాలె. చానామంది ఒక్క రిఫరెన్స్ సీక్వెన్స్ పట్టుకొని ఉరుకుతరు, అది వద్దు. అన్నిట్ల నుంచి కావల్సిన ప్రొటీన్ ముక్క కోసి మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌ల అలైన్ చేస్తే (ఒకదాని కింద ఒకటి పేరిస్తే) ఎక్కడ అక్షరం, అంటే అమైనో యాసిడ్, మారుతలేదో కంటికే కనిపిస్తది.

ఇక్కడనే అసలు గుంత ఉంది. వైరస్ పైపొరల ఉండే ఎన్వలప్ ప్రొటీన్ తీస్కొని మారని ముక్క వెతికితే నూరో అక్షరం అటిటుగా డి ఆర్ జి డబ్ల్యు జి ఎన్ జి సి జి ఎల్ ఎఫ్ జి కె అని వస్తది, నాలుగు సీరోటైపులల్ల దాదాపు అదే ఉంటది, ఇగ దొరికింది అని సంబరపడ్తరు. అది ఫ్యూజన్ లూప్, వైరస్ మన కణంతోని కలిసిపోనీకి వాడే ముక్క. దానికి వచ్చే యాంటీబాడీలు చానా మటుకు వైరస్‌ను అతుక్కుంటయి గానీ గట్టిగ ఆపవు, పైగా ఆ వైరస్‌ను కణాలల్లకు తీస్కపోయి జబ్బును ముదిరించొచ్చు, దాన్నే ఏడీఈ (యాంటీబాడీ డిపెండెంట్ ఎన్‌హాన్స్‌మెంట్) అంటరు. సనోఫీ కంపెనీ డెంగీ టీకా డెంగ్వాక్సియా ముచ్చట గూడ చదవండి, అంతకుముందు డెంగీ రానోళ్లకు ఆ టీకా ఇస్తే తర్వాత జబ్బు తీవ్రమయ్యే రిస్క్ పెరుగుతదని 2017ల కంపెనీనే చెప్పింది. అందుకే మొదటి ప్రాజెక్ట్‌కు యాంటీబాడీలు వదిలి టీ సెల్స్ వైపు పోయి ఎన్ఎస్3 (వైరస్ మన కణంల తయారుచేసుకునే ప్రొటీన్) తీస్కోమంట, సీడీ8 టీ సెల్స్ (వైరస్ సోకిన కణాలను చంపేటియి) ఎక్కువగ గుర్తుపట్టే ప్రొటీన్లల్ల అదొకటి.

సీరోటైప్ 2 ఎన్ఎస్3ల 618 అమైనో యాసిడ్లు, తొమ్మిదేసి అక్షరాల ముక్కలు చేస్తే 610 వస్తయి. ఐఈడీబీల (రోగనిరోధక శక్తి గుర్తుపట్టే ముక్కల ఉచిత డేటాబేస్) 27 హెచ్ఎల్ఏల (ముక్కలను టీ సెల్స్‌కు చూపించే మన ప్రొటీన్ల రకాలు) రిఫరెన్స్ సెట్ పెట్టి, ఏ ముక్క దేనికి అతుక్కుంటదో అంచనా వేసే నెట్‌ఎంహెచ్‌సీపాన్ నడిపితే 16,470 లైన్లు. భయపడకుండ ఎక్సెల్‌ల వేస్కొని ర్యాంక్ (ఎంత తక్కువైతే అంత గట్టిగ అతుక్కుంటది) 0.5 లోపల ఉన్నవి ఉంచి మిగతావి తీసేయండి. అట్ల మిగిలినయి మీ ఇండియా అలైన్‌మెంట్‌ల మారుతున్నయా చూడండి, ఒక్క అక్షరం మారినా పక్కకు పెట్టండి. ఇంకో మాట, పేపర్లల్ల అందరూ ఏ*02:01 అనే హెచ్ఎల్ఏ మీదనే పడ్తరు, అది యూరప్‌ల ఎక్కువ, మనోళ్లల్ల ఏ*11:01, ఏ*24:02, ఏ*33:03 బాగ కనిపిస్తయి, వీటికి అతుక్కునేటియి లేకపోతే ఆ లిస్ట్‌తోని మనకేం పని? మీ లిస్ట్ ఎంతమందికి పనికొస్తదో లెక్కేసే పాపులేషన్ కవరేజ్ టూల్ ఐఈడీబీలనే ఉంది.

వాక్సిజెన్ అనే టూల్‌ల వైరస్‌కు 0.4 దాటితే యాంటిజెన్ (రోగనిరోధక శక్తిని లేపేది) అని వస్తది, చూడండి గానీ నమ్ముకోకండి, అది మొత్తం ప్రొటీన్ల మీద నేర్చుకున్న టూల్, తొమ్మిది అక్షరాల ముక్క మీద దాని మాటకు నేనైతే పెద్ద విలువియ్య. ముక్క విషమా కాదా అని చూసే టాక్సిసిటీకి ఢిల్లీ రాఘవ సార్ గ్రూప్ చేసిన టాక్సిన్‌ప్రెడ్ చాలు.

ముక్కలను ఏఏవై లింకర్లతోని (మధ్యల అతికే మూడు అమైనో యాసిడ్లు) కలిపి కొలాబ్‌ఫోల్డ్‌ల 3డీ స్ట్రక్చర్ తీస్తరు, తర్వాత టీఎల్ఆర్4 అనే మన రక్షణ కణాల ప్రొటీన్‌తోని డాకింగ్ (రెండూ ఎట్ల అతుక్కుంటయో కంప్యూటర్ మీద చూసుడు) చేసి రంగురంగుల బొమ్మ పెడ్తరు. ఆ బొమ్మకు గైడ్‌లు ఖుషీ అయితరు. మీరు మాత్రం ఒక పని చేయండి, అవే అక్షరాలను కలగాపులగం చేసిన దొంగ సీక్వెన్స్ ఒకటి తయారుచేసి దాన్ని గూడ అదే సర్వర్‌ల డాక్ చేయండి. రెండిటి స్కోర్ పక్కపక్కనే వస్తే ఆ డాకింగ్‌తోని ఏం తేలనట్టే, థీసిస్‌ల అదే రాయండి, దాచకండి.

చివరికి ఐదారు పెప్టైడ్లు మిగిలితే మస్తు. వాటిని ఐఈడీబీల మళ్లీ వెతికి ఎవరన్న డెంగీ వచ్చిపోయినోళ్ల రక్తంల ఎలిస్పాట్ (టీ సెల్స్ స్పందన లెక్కించే టెస్ట్) చేసి చూసిన్రా అని ఒక కాలమ్ పెట్టండి, చూసినప్పుడు స్పందన వచ్చిన ముక్క మీ లిస్ట్‌ల దొరికితే మీ పద్ధతి పనిచేసినట్టు సాక్ష్యం, ఏ టూల్ ఏ వెర్షన్, ఏ తారీఖు నడిపిన్రో గూడ పక్కనే రాస్కోండి, సర్వర్లు అప్‌డేట్ అయినంక అదే ఇన్‌పుట్‌కు వేరే నంబర్లు వస్తయి.