డ్రమ్ మెషీన్‌లో బీట్ అదే, సౌండ్ మారిపోయిందా?

"అన్నా, రాత్రంతా కూర్చుని ప్యాటర్న్ కట్టాను. పొద్దున్నే ఆన్ చేస్తే బీట్ అదే ఉంది గానీ సౌండ్ వేరేగా ఉంది." వైజాగ్‌లో ఆర్కెస్ట్రాలకి వాయించే కుర్రాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. మెషీన్ పోయిందని టెన్షన్. నేను అడిగేది ఒక్కటే: స్క్రీన్ మీద కిట్ పేరు ఏముంది? చూడలేదంటారు. ముందు అది చూడండి బాబూ.

సమస్య: బీట్ సరిగ్గానే ఉంది, సౌండ్ మారింది.

కారణం: ప్యాటర్న్ వేరు, కిట్ వేరు. ఏ స్టెప్ (బీట్‌లో ఒక్కో చిన్న గడి) మీద ఏది, ఎంత గట్టిగా మోగాలన్నది ప్యాటర్న్‌లో ఉంటుంది. కిక్ (ధమ్మనే పెద్ద డ్రమ్) ట్యూనింగ్, డికే (దెబ్బ ఎంతసేపు సాగి ఆగాలన్నది), స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) రకం ఇవన్నీ కిట్‌లో. రోలాండ్ టీఆర్-8ఎస్ లాంటి డ్రమ్ మెషీన్లలో రెండూ విడివిడిగా సేవ్ చేయాలి. ప్యాటర్న్ ఒక్కటే సేవ్ చేసి పవర్ తీసేస్తే సౌండ్‌లో చేసిన మార్పులు పోతాయి.

ఇది ఒకసారి దెబ్బ తింటే అర్థమవుతుంది. అసలు ముంచేది, రెండూ సేవ్ చేసినా వచ్చే తేడా. ఒకే కిట్ మీద నాలుగైదు ప్యాటర్న్‌లు నడుస్తుంటాయి. ఒక పాట కోసం ఆ కిట్‌లో సౌండ్ మార్చి సేవ్ చేస్తే మిగతా ప్యాటర్న్‌ల సౌండ్ కూడా మారిపోతుంది.

గాజువాకలో ఒక వినాయక చవితి ప్రోగ్రామ్‌లో నాకు ఇదే జరిగింది. సాయంత్రం సౌండ్ చెక్‌లో జానపదాల మెడ్లీ కోసం కిక్ డికే బాగా పెంచి, బుద్ధిగా సేవ్ కూడా చేశాను. రాత్రి రెండో పాట మెలోడీ, టెంపో 84. మొదటి కిక్కే ధమ్మ్‌మ్ అని సాగి రెండోదాని మీద పడింది. బేస్ గిటార్ వినపడితే ఒట్టు. కీబోర్డ్ మాస్టారు తల తిప్పి "ఏట్రా ఆ మోత?" అన్నారు. నేను మిక్సర్ దగ్గరున్న అబ్బాయి మీద అరిచాను, పాపం. ఇంటికొచ్చి చూస్తే మెడ్లీ, మెలోడీ రెండూ 7వ కిట్ మీదే ఉన్నాయి.

పరిష్కారం: నాబ్ ముట్టుకోకముందే కిట్‌ని ఖాళీ నంబర్‌లోకి కాపీ చేసి, పాట పేరు పెట్టండి. ఆ ప్యాటర్న్‌కి కొత్త కిట్ తగిలించి, ప్యాటర్న్ కూడా సేవ్ చేయండి. చాలామంది ఈ చివరి పని మర్చిపోతారు. తర్వాత పవర్ తీసి, మళ్లీ పెట్టి, పాత పాట, కొత్త పాట రెండూ వినండి. పాత కిట్ ఇప్పటికే చెడగొట్టి ఉంటే ఎస్‌డీ కార్డ్‌లో బ్యాకప్ ఉందేమో చూడండి. లేదంటే చెవులే దిక్కు. ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ అనే ఇంకో మెషీన్‌లో సౌండ్ సెట్టింగ్‌లు ప్యాటర్న్‌తోనే ఉంటాయి కాబట్టి ఈ గొడవ లేదు.

ప్లే నొక్కినా బీట్ కదలకపోతే క్లాక్ (టెంపో నడిపే సిగ్నల్) ఎక్స్‌టర్నల్‌లో, అంటే వేరే పరికరం నుంచి వచ్చేలా, ఉందేమో చూడండి. కేబుల్ పీకేసినా మెషీన్ బయటి క్లాక్ కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంటర్నల్‌కి మార్చండి.

బీట్ ఉన్నట్టుండి జారితే ట్రాక్ (ప్యాటర్న్‌లో ఒక్కో డ్రమ్ వరస) లెంగ్త్ చూడండి. 6/8 పాటకి 12 స్టెప్పులు పెట్టి, ఒక్క ట్రాక్‌ని 16 దగ్గర వదిలేసి ఉంటారు. ఆ రెండూ 48 స్టెప్పులకోసారి కలుస్తాయి. అందుకే మధ్యమధ్యలో బాగానే ఉన్నట్టు మోసం చేస్తుంది.

ఒక దెబ్బకి రెండు మోగితే మిడి కేబుల్ (పరికరాల మధ్య నోట్ల సమాచారం పంపే వైరు) ఒకటి పీకి చూడండి, అదే నోట్ తిరిగి లోపలికి వస్తూ ఉండొచ్చు. కేబుల్ లేకపోయినా అలాగే ఉంటే బటన్ పోయినట్టు. మన సముద్రపు గాలికి అది మామూలే, వాయించాక గుడ్డ కప్పి పెట్టండి.

మెమరీ బ్యాటరీ అయిపోయిందేమో అని కొందరు అడుగుతారు. 1980 నాటి టీఆర్-808 అయితే ఆ అనుమానం సబబే, దాని ప్యాటర్న్‌లు పెన్సిల్ సెల్స్ మీదే నిలుస్తాయి. మీ దగ్గరున్నది కొత్తదైతే వెళ్లి కిట్ పేరు చూసి రండి.