ఖిబ్లా దిక్సూచి ఒక్కోసారి ఒక్కో వైపు చూపిస్తుంటే నేనేం చేశానంటే

ఫోన్‌లో ఖిబ్లా (నమాజ్‌లో ముఖం తిప్పాల్సిన దిక్కు, అంటే మక్కాలోని కాబా వైపు) చూపించే యాప్ పెట్టుకుంటే నమాజ్ వేళకి బాణం ఒకసారి కిటికీ వైపు, ఇంకోసారి తలుపు వైపు చూపించేది. పెద్ద టెన్షన్. తప్పు యాప్‌ది కాదు, కవర్‌ది: దాని మూతకి చిన్న అయస్కాంతం ఉంది. ఫోన్ లోపలి సెన్సార్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని చూసి ఉత్తరం చెబుతుంది, అది చాలా బలహీనం కాబట్టి పక్కన చిన్న అయస్కాంతం ఉన్నా, ఇనుప మంచం, స్పీకర్ ఉన్నా లెక్క తప్పుతుంది. కవర్ తీసేసి, గది మధ్యలో నిలబడి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే బాణం కుదురుకుంది.

ఇంకో చిక్కు, దిక్సూచి చూపే అయస్కాంత ఉత్తరం వేరు, ఉత్తర ధ్రువం వైపు ఉండే అసలు ఉత్తరం వేరు. కొన్నిచోట్ల తేడా బాగా ఎక్కువ. సెట్టింగ్స్‌లో అసలు ఉత్తరం ఎంచుకుని లొకేషన్ ఆన్ చేయాలి.

అయినా నాకు నమ్మకం కుదరలేదు, నీడతో సరిచూశాను. ఏటా మే 27 లేదా 28న మక్కా సమయం మధ్యాహ్నం 12:18కి, జూలై 15 లేదా 16న 12:27కి సూర్యుడు దాదాపు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో మీకు ఎండ ఉంటే నిటారుగా ఒక కర్ర పాతండి, నీడకి సరిగ్గా ఎదురు దిక్కే ఖిబ్లా. బ్యాటరీ అక్కర్లేదు, దిక్సూచీ అక్కర్లేదు. ఆ గీతని నేలమీద టేపుతో గుర్తు పెట్టేశాను, ఇప్పుడు యాప్ తెరిచేది ప్రయాణాల్లోనే.