సేఫ్టీ షూ టో క్యాప్ డిజైన్ చేస్తున్నారా? వెనక అంచు నుంచి మొదలుపెట్టండి

టో క్యాప్ (షూ ముక్కులో కాలివేళ్ళను కాపాడే గట్టి టోపీ) డిజైన్ అనగానే ఈ లైన్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట అడిగేది స్టీలా, కాంపోజిటా అని. ఆ సంగతి తర్వాత. ముందు ఒక కాగితం మీద ఈ షూ ఎవరు వేసుకుంటారో, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారో, వాళ్ళ కాలి మీద పడగలిగేది ఏమిటో రాసుకోండి. అంబత్తూరు ప్రెస్ షాపులో డై ప్లేట్లు మోసేవాడికి ఉన్న ప్రమాదం వేరు, ఎన్నూరు వైపు యార్డులో లోడింగ్ చేసేవాడిది వేరు, ఒరగడం కార్ల ఫ్యాక్టరీలో లైను మీద షిఫ్టంతా నిలబడేవాడి బాధ ఇంకోటి. సూళ్ళూరుపేట, తడ వైపు నుంచి రైల్లో వచ్చే మనవాళ్ళు చాలామంది షూ ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరతారు, అంటే మీరు 8 గంటల షిఫ్టు అనుకున్నది వాళ్ళ కాళ్ళకు 11, 12 గంటలవుతుంది, అదీ మే నెల చెన్నై ఎండలో. నొప్పి పెడితే ఏం చేస్తారు? సూపర్‌వైజర్ అటు తిరగగానే విప్పేసి చెప్పులేసుకుంటారు. అందుకే నా లెక్కలో, టెస్టు పాసై కాలిని కోసే క్యాప్ ఫెయిలైన క్యాపే.

ఇప్పుడు అంకెలు. మన దగ్గర సేఫ్టీ షూకి ప్రమాణం ఐఎస్ 15298 రెండో భాగం, ఇది అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 దారిలోనే నడుస్తుంది. విడిగా స్టీల్ క్యాప్‌కి ఐఎస్ 5852 ఉంది. షూ తట్టుకోవాల్సినవి రెండు. ఒకటి 200 జౌల్స్ దెబ్బ, అంటే 20 కిలోల బరువు సుమారు 1.02 మీటర్ల ఎత్తు నుంచి పడటం. రెండోది 15 కిలోన్యూటన్ల ఒత్తిడి, అంటే దాదాపు ఒకటిన్నర టన్ను మెల్లగా నొక్కడం. అదే ప్రమాణం మూడో భాగంలో 100 జౌల్స్, 10 కిలోన్యూటన్ల తేలిక రకం ఉంది, నాలుగో భాగంలోని షూకి క్యాపే అక్కర్లేదు. కొనేవాళ్ళు ఈ మూడింటినీ కలిపేసి ‘సేఫ్టీ షూ’ అనేస్తారు కాబట్టి, ఆర్డర్ తీసుకునే రోజే ఏ భాగమో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. అమెరికా ఆర్డరైతే వాళ్ళ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 2413 ప్రకారం దెబ్బ సుమారు 102 జౌల్సే, కనుక అక్కడ పాసైన క్యాప్ ఇక్కడ పాసవుతుందని నమ్మకండి.

దెబ్బ తట్టుకోవడమంటే క్యాప్ పగలకపోవడం ఒక్కటే కాదు. పరీక్షలో క్యాప్ లోపల చిన్న మైనపుమట్టి స్తంభం నిలబెడతారు, దెబ్బ పడ్డాక అది ఎంత ఎత్తు మిగిలిందో కొలుస్తారు. ఆ మిగిలిన ఎత్తే వేళ్ళకు మిగిలే చోటు. యూరప్ సైజు 41, 42కి (మన 7, 8 నంబర్లు దగ్గర దగ్గరగా ఇవే) కనీసం 14 మిల్లీమీటర్లు మిగలాలి. 39, 40కి 13.5, 43, 44కి 14.5, 45, ఆ పైన 15. కిందికి వస్తే 37, 38కి 13, 36, అంతకన్నా చిన్నవాటికి 12.5.

ఈ అంకె నుంచి వెనక్కి లెక్కేయండి. ఉదాహరణకు మీ క్యాప్ దెబ్బకు 14 మిల్లీమీటర్లు కిందికి దిగుతుందనుకుందాం, మిగలాల్సింది 14, అంటే లోపలి ఎత్తు 28 ఉంటే బొటాబొటీగా గట్టెక్కుతుంది. దాని మీద ఇన్‌సోల్ (పాదం కింది లోపలి అట్ట), లైనింగ్ మందం కలపండి, షీటు మందంలో వచ్చే తేడాకీ హీట్ ట్రీట్‌మెంట్‌లో వచ్చే తేడాకీ ఇంకొంచెం కలపండి. ఎత్తు పెంచుకుంటూ పోతే షూ ముక్కు ఉబ్బి వికారంగా కనిపిస్తుందని అమ్మకాలవాళ్ళు గొడవ చేస్తారు. ఆ గొడవ డ్రాయింగ్ దశలోనే తేల్చుకోవాలి. టూల్ (క్యాప్ తయారుచేసే అచ్చు) తయారయ్యాక 2 మిల్లీమీటర్లు తగ్గించమంటే ఒప్పుకోవద్దు.

ఇక వెనక అంచు. పరీక్షలో పడే బరువుకు అడుగున 90 డిగ్రీల కోణంలో గొడ్డలి వాదరలాంటి పొడవాటి మొన ఉంటుంది, మొన గుండ్రం వ్యాసార్థం 3 మిల్లీమీటర్లు. అది క్యాప్ పొడవునా, ముందూ వెనకా రెండు వైపులా బయటికి వచ్చేలా పడుతుంది. ముందు గోడ నిటారుగా ఉండి కింద ఆనుకుని ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. వెనక అంచుకు కింద ఆధారం లేదు, గాల్లో తెరుచుకున్న కమాను అది, అందుకే ఎక్కువగా కుంగేది అక్కడే. మీ బలమంతా అక్కడ పెట్టండి. వెనక అంచును చదునుగా గీయకండి, రెండు పక్కలకూ బాగా వంగిన కమానులా గీయండి. కొబ్బరి చిప్పను బోర్లించి చేత్తో నొక్కితే ఎందుకు లొంగదో, క్యాప్ పైభాగం కూడా అందుకే అన్ని దిక్కులా వంపు తిరిగి ఉండాలి. పైన ఎక్కడ చదును వదిలితే అక్కడ సొట్ట పడుతుంది.

అదే వెనక అంచు కాలికి కూడా శత్రువే. క్యాప్ లోపలి పొడవు 41, 42 సైజుకు కనీసం 39 మిల్లీమీటర్లు ఉండాలి, 36కు 34, 45కు 42. కనీసం అన్నారు కదా, ఎక్కువుంటే ఇంకా సేఫ్ అని కొందరు 5, 6 మిల్లీమీటర్లు పొడిగిస్తారు. అప్పుడు అంచు పాదం వంగే గీత మీదికి వచ్చేస్తుంది. మనవాళ్ళు మెషిన్ దగ్గర గొంతుక్కూర్చుని పనిచేస్తారు, బోల్టు బిగించాలన్నా, ప్యాలెట్ కింద చూడాలన్నా అంతే. ఆ భంగిమలో పాదం పూర్తిగా వంగుతుంది, అంచు వేళ్ళ మొదట్లో గుచ్చుకుంటుంది. నడిపించి చూసి ఓకే అనుకుంటే ఇది దొరకదు, గొంతుక్కూర్చోబెట్టి చూడాలి, నిచ్చెన ఎక్కించి చూడాలి. చిటికెన వేలు బొటనవేలి కన్నా బాగా వెనక ఉంటుంది కాబట్టి బయటి వైపు అంచు దాని కణుపు మీద పడుతోందా అని సాక్స్ మీద చాక్‌పీస్ రుద్ది చూడండి, మరక ఎక్కడ అంటిందో అదే చెబుతుంది.

కొలతల విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అడయార్‌లోని సీఎల్‌ఆర్‌ఐ (కేంద్ర తోలు పరిశోధన సంస్థ) మన దేశంలో పాదాలను స్కాన్ చేసి సర్వే చేసింది, యూరప్ పాదాల కన్నా మన పాదాలు ముందుభాగంలో వెడల్పు అని అందులో తేలింది. అయినా మార్కెట్లో తిరిగే చాలా క్యాపులు యూరప్ లాస్టుకు (షూ ఎక్కించే అచ్చుకు) చేసినవే. మామూలు షూ అయితే తోలు సాగి సర్దుకుంటుంది, స్టీల్ సాగదు. కాబట్టి లాస్ట్ ముందు ఖరారు చేసి, దాని ముక్కు ఉపరితలానికి లైనింగ్ మందం కలిపి, క్యాప్ లోపలి ఆకారం తీయండి. ఆర్డర్ చిన్నదైతే సొంత టూల్ ఖర్చు పెట్టుకోకండి. సరఫరాదారు దగ్గర ఉన్న వెడల్పు క్యాపుల్లో ఒకటి ఎంచుకుని, దానికి తగ్గట్టు లాస్ట్ ముక్కును మార్చుకోవడం చౌక. ఆడవాళ్ళకు మగవాళ్ళ చిన్న సైజు ఇచ్చి సర్దుకోమనడం నాకు అస్సలు నచ్చదు. శ్రీపెరుంబుదూర్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు, వాళ్ళకు 35, 36, 37 సైజుల్లో వాళ్ళ పాదానికి తీసిన లాస్ట్, దానికి తగిన క్యాప్ ఉండాలి.

అడుగు భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. క్యాప్ కింద లోపలికి మడిచిన ఫ్లేంజ్ ఉంటుంది, దెబ్బ బరువంతా చివరికి దాని మీదుగానే సోల్‌లోకి దిగుతుంది. ఫ్లేంజ్ సన్నగా ఉంటే అది మెత్తటి పీయూ (పాలీయురేథేన్) సోల్‌లోకి దిగబడిపోతుంది. క్యాప్ వంగకపోయినా ఎత్తు పోతుంది. విడిగా ఉక్కు పలక మీద పెట్టి కొడితే పాసైన క్యాప్, షూలో పెట్టి కొడితే ఫెయిలయ్యేది ఎక్కువగా ఇందుకే. అప్పుడు షీటు మందం పెంచడం కాదు మందు, ఫ్లేంజ్ వెడల్పు చేయండి, దాని కింద గట్టి ఇన్‌సోల్ బోర్డు వేయండి, ముక్కు దగ్గర పీయూ సాంద్రత చూడండి.

స్టీలా, కాంపోజిటా అన్న ప్రశ్న ఇప్పుడు అడగొచ్చు. స్టీలైతే సుమారు ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల షీటు, బ్లాంక్ (కావలసిన ఆకారపు ముక్క) కోసి, ప్రెస్‌లో డ్రా చేసి (అచ్చులోకి లాగి), అంచు కత్తిరించి, ఫ్లేంజ్ మడిచి, గట్టిపరిచి టెంపర్ చేసి (పెళుసుదనం తగ్గేలా మళ్ళీ వేడిచేసి), పైన కోటింగ్ వేస్తారు. డ్రా చేసేటప్పుడు మూలల్లో షీటు పల్చబడుతుంది, కాబట్టి కొన్న షీటు మందం చూసి సంతృప్తి పడకండి, ఒక క్యాప్‌ను అడ్డంగా కోయించి మూల దగ్గర మందం కొలవండి. మరీ గట్టిపడితే దెబ్బకు చిట్లుతుంది, మెత్తగా ఉంటే కుంగిపోతుంది, అందుకని ప్రతి బ్యాచ్‌లో హార్డ్‌నెస్ చూడాల్సిందే. ఇది సముద్రపు గాలి ఊరు, పైగా కాలి చెమట, కోటింగ్ బలహీనంగా ఉంటే కత్తిరించిన అంచు దగ్గరే తుప్పు మొదలవుతుంది.

కాంపోజిట్ అంటే ఎక్కువగా గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్. తేలిక, వేడిని త్వరగా లోపలికి పంపదు, గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ మోగదు. కానీ అంతే బలానికి మందం ఎక్కువ కావాలి, ముక్కు లావవుతుంది. మోల్డింగ్‌లో ప్లాస్టిక్ రెండు వైపుల నుంచి పారి ఎక్కడ కలుస్తుందో అక్కడ ఫైబర్లు దాటవు, ఆ అతుకు గీత బలహీనం. అది నడినెత్తిన గానీ వెనక అంచులో గానీ రాకుండా గేట్ (అచ్చులోకి ప్లాస్టిక్ పారే రంధ్రం) స్థానం నిర్ణయించాలి, దీనికి అచ్చు తయారుచేసేవాళ్ళతో ముందే కూర్చోండి, గిండీలోని సిపెట్ (ప్లాస్టిక్ ఇంజనీరింగ్ సంస్థ) లాంటి చోట సలహా దొరుకుతుంది. నైలాన్ అయితే తేమ పీల్చుకుని కొంత మెత్తబడుతుంది కాబట్టి మోల్డ్ నుంచి అప్పుడే తీసిన ముక్క మీద వచ్చిన ఫలితం ఒక్కటే చూసి మురిసిపోకండి, వేడిలో ఉంచి, చల్లబరిచి, నూనె, ఆమ్లం తగిలించి కూడా కొట్టి చూడాలి. నా అభిప్రాయం, ప్రెస్ షాపులకూ యార్డులకూ స్టీల్, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకూ గోడౌన్లకూ కాంపోజిట్. స్టీల్ క్యాప్ వంగి వేళ్ళు తెగుతాయన్న భయం షాపు ఫ్లోర్ మీద ఇంకా ఉంది, ఎవరైనా అడిగితే విసుక్కోకుండా చెప్పండి. ఆ క్యాప్‌ను అంతగా వంచే బరువు, క్యాప్ లేని కాలి మీద పడితే వేళ్ళు నుజ్జయిపోతాయి.

అంచు కవరింగ్ మర్చిపోకండి. క్యాప్ వెనక అంచు నుంచి క్యాప్ కిందికి కనీసం 5 మిల్లీమీటర్లు, అంచు దాటి వెనక్కి కనీసం 10 మిల్లీమీటర్లు మెత్తటి పట్టీ ఉండాలి. పట్టీ చివర్లు పల్చగా చెక్కి అతికించాలి. లేకపోతే ఆ మెట్టే కాలిని ఒరుసుకుంటుంది, రెండు నెలల్లో లైనింగ్ చిరిగి ఉక్కు బయటపడుతుంది.

టూల్‌కి డబ్బు పెట్టే ముందు 3డీ ప్రింట్‌లో క్యాప్ తీసి షూ కుట్టించండి. అది అమరిక చూడటానికే, బలం గురించి అది ఏమీ చెప్పదు. ఆ షూను ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకే తొడగండి, ఆఫీసువాళ్ళకు కాదు, అదీ సాయంత్రం, పాదాలు ఉబ్బి ఉన్న వేళ. కాకపోతే ప్రింట్ క్యాప్ ఉన్న షూతో ఎవరినీ పనిలోకి పంపకండి. అసలు క్యాపులు వచ్చాక లాస్టింగ్ మెషిన్ దగ్గర నిలబడి చూడండి, తోలు లాగినప్పుడు క్యాప్ పక్కకు జరుగుతోందా, ముందుకు వాలుతోందా అని. వాలితే వెనక అంచు లేచి కాలి మీద గీత పడుతుంది. కుడి ఎడమలు తారుమారు కాకుండా క్యాప్ మీద సైజూ, వైపూ అచ్చు పడాలి.

ల్యాబ్‌కి పంపేది పూర్తయిన షూ, చిన్నది, మధ్యది, పెద్దది మూడు సైజుల్లోనూ. తర్వాత సోల్ మిశ్రమం మారినా, ఇన్‌సోల్ బోర్డు మారినా, క్యాప్ సరఫరాదారు మారినా మళ్ళీ కొట్టించాలి. ఒక్క రూపాయి మిగులుతుందని కొనుగోలు విభాగం బోర్డు మార్చేస్తుంది, మీకు చెప్పరు, అందుకే డ్రాయింగ్ మీదే ‘మారిస్తే మళ్ళీ పరీక్ష’ అని రాసి సంతకం పెట్టించుకోండి.

చివరిగా పెట్టెలో వేసే కాగితం. పెద్ద దెబ్బ తగిలిన షూను పైకి బాగున్నా మళ్ళీ వేసుకోకూడదు. స్టీల్ సొట్ట తోలు కింద కనపడదు, కాంపోజిట్ అయితే తిరిగి ఆకారంలోకి వచ్చేసి లోపల చీలిక దాచుకుంటుంది. ఈ ముక్క ఇంగ్లీషులో సన్న అక్షరాల్లో వేస్తే చదివేవాళ్ళు లేరు, తమిళం, తెలుగు, హిందీల్లో పెద్ద అక్షరాలతో, ఒక బొమ్మతో వేయించండి.